రోజా పోసిన పది గ్లాసులు

తాగని పిల్ల మందు ఎంచుతుందట అని గద్వాలలో నవ్వని వాళ్ళు లేరు. నవ్వనీ, పోయేదేముంది! రాయచూరు రోడ్డు మీద సుగుణమ్మ కట్టిన కొత్త రెస్టారెంటులో, కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు, రోజా మాత్రం కౌంటరు వెనుక నిలబడి తన పని తాను చేసుకుపోతోంది. ఆమె ముందు నలభై రెండు సీసాలు. అందులో ఆరు మాత్రమే ఉండాలి, మిగిలినవన్నీ వచ్చిన బండిలోనే వెనక్కి పోవాలి.

ఆమె ఎంచే తీరు చూడాల్సిందే. మూత తీసి అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుంటుంది. రెండు చేతులూ గట్టిగా రుద్దుతుంది. గానుగ దగ్గర పల్లీనూనె మంచిదో కల్తీదో చూసే ఆడవాళ్ళు చేసేది అదే కదా! మొదట కొట్టే ఘాటును ఆమె లెక్కచేయదు. అది మంచిదానికీ ఉంటుంది, చెత్తదానికీ ఉంటుంది. ఆ ఘాటు ఎగిరిపోయాక అరచేతిలో ఏం మిగిలిందన్నదే లెక్క. రమ్ము అయితే బెల్లం పాకం వాసన మిగలాలి. విస్కీ అయితే ధాన్యం, తడిసి ఆరిన చెక్క. ఏమీ మిగలకుండా దవాఖానలో సూది ఇచ్చే ముందు రుద్దే దూది వాసన వచ్చిందో, ఆ సీసాకు బంగారు మూత ఉన్నా సరే, పక్కకు పోవాల్సిందే. ఆ తర్వాత ఒక్క గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి ఊసేస్తుంది. మింగదు. అది భక్తి అనుకునేరు, కాదు. మింగితే పొద్దంతా ముక్కు పనిచేయదు. ముక్కు పనిచేయకపోతే ఆమె చేయి పనిచేయదు.

గట్టు మండలంలో కూలి చేసుకునే ఆశీర్వాదం, విజయమ్మల బిడ్డ రోజా. పత్తి చేలల్లో, మిరప చేలల్లో పెరిగింది. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ పోయి, ఒక పెద్ద కాక్‌టెయిల్ బార్‌లో గ్లాసులు కడిగే పనిలో చేరింది. మూడో ఏడు కౌంటరు వెనక్కి వచ్చింది. ఎనిమిదో ఏడు వచ్చేసరికి, ఆ బార్‌కు వచ్చేవాళ్ళు మెనూ పక్కన పెట్టి, "రోజా, నువ్వే చెప్పు, ఈరోజు ఏం తాగాలె?" అని అడిగేదాకా వచ్చింది.

సుగుణమ్మ కంట పడింది అక్కడే. సుగుణమ్మది వనపర్తి వైపు, ఖిల్లా ఘణపూర్ దగ్గర రైతు కుటుంబం. పల్లీ మిల్లు నడిపి నిలదొక్కుకున్న మనిషి. గద్వాలలో రెస్టారెంటు కట్టాలని మనసు పడింది. మనసు పడి ఊరుకునే రకం కాదు. ముందు నగరంలో ఎట్లా నడుపుతున్నారో చూడాలని నాలుగు రోజులు హైదరాబాద్‌లో మకాం వేసి, పద్నాలుగు రెస్టారెంట్లు, బార్లు తిరిగింది. పట్టుచీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ప్రతిచోటా ఎవడో ఒక కుర్రాడు వచ్చి నోరు తిరగని పేర్లు గడగడా అప్పజెప్పేవాడు. ఒక దగ్గర పొగ వచ్చే గ్లాసు ఇచ్చారు. ఇంకో దగ్గర గాజు బుడ్డి మీద సీతాకోకచిలుక బొమ్మ పెట్టి ఇచ్చారు. "ఇది తాగాలెనా, చూసుకుంట కూసోవాలెనా?" అని అడిగి లేచి వచ్చేసింది.

పద్నాలుగో చోట రోజా ఎదురుపడింది. పేర్లేవీ చెప్పలేదు. "పొద్దున ఏం తిన్నరమ్మా?" అని అడిగింది.

"జొన్న రొట్టె, చింతకాయ తొక్కు. ఎందుకే?"

"కారం తిన్న నోటికి తీపి ఇయ్యొద్దు, అందుకు."

సుగుణమ్మ ఆ మాటకు పడిపోయింది. ఆ మాటతీరు ఎక్కడిదో కనిపెట్టడానికి ఆమెకు రెండో మాట అక్కర్లేకపోయింది. నెల తిరక్కుండానే రోజా ఆ బార్‌లో పని మానేసి గద్వాల వచ్చేసింది, మందు కౌంటరు మొత్తం తన చేతికే వస్తుందన్న మాట మీద.

ఆ మాటకే ఇప్పుడు అడ్డం పడ్డాడు శ్రవణ్ కుమార్. సుగుణమ్మ అక్క కొడుకు. చెడ్డవాడేం కాదు, కానీ ప్రతిదానికీ ముందే భయపడిపోయి, ఆ భయానికి తెలివి అని పేరు పెట్టుకునే మనిషి. ఆరోజు ఉదయం సుగుణమ్మను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. మెల్లగా అని ఆయన అనుకున్నాడు గానీ, కొత్త హాలు కదా, ఖాళీ గోడలు ప్రతి మాటనూ కౌంటరు దాకా మోసుకొచ్చాయి.

"చిన్నమ్మా, పిల్ల పనిమంతురాలే, కాదంటలేను. కానీ ఇది గద్వాల. గట్టు పిల్ల అంటే రెండు మాటలల్ల ఎవల బిడ్డో తెల్సిపోతది. మన చుట్టాలు, మన రైతులు ఆమె చేతిది తాగుతరా? హైదరాబాద్ నుంచి ఎవలనన్న తెద్దాం. ఆయన ఎవలో ఎవలకు తెల్వది, అడిగేటోడు ఉండడు. రోజా లోపట్నే ఉండి కలుపుతది, ఆయన బయటికి తెచ్చి ఇస్తడు. ఎవలకు పరేషాన్ ఉండదు."

సుగుణమ్మే నేరుగా కౌంటరు దగ్గరకు వచ్చింది. ఆమెలో దాపరికం లేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"ఇన్నవు గదా?"

"ఇన్ననమ్మా."

"ఏమంటవు?"

రోజా చేతిలో సీసా మూత బిగించి పక్కన పెట్టింది. "మీ చుట్టాలను పిలువుండ్రి. నా చేతులతోనే కలుపుత, నా చేతులతోనే తెచ్చి ఇస్త. వెనక దాక్కొని కలిపే పని నాకొద్దు. వాళ్ళు తాగకపోతే మీరు పొమ్మనేదాక ఉండ, సాయంత్రం బస్సుకు నేనే పోత."

సుగుణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "తాగుడొక్కటే కాదు పిల్లా. మొహమాటానికి ఎవలైనా ఒకటి తాగుతరు. తాగినోళ్ళు ఇంకోటి అడగాలె. పది మందిని పిలుస్త. పది మందీ ఇంకోటి అడిగితే కౌంటరు నీది. ఒక్కలు తగ్గినా శ్రవణ్ చెప్పినట్టే అయితది."

"పదకొండు మందిని పిలిచినా సరే," అంది రోజా. పొగరు కాదు. చేతిలో పని ఉన్నవాళ్ళు అట్లాగే మాట్లాడతారు.

పిలుపులు వెళ్ళాయి. బుధవారం మధ్యాహ్నం అని ఖాయం చేశారు. రోజా ఊరికే ఉందా? వచ్చే పది మంది గురించీ సుగుణమ్మను కూర్చోబెట్టి పోలీసులా ఆరా తీసింది. ఎవరికి ఎన్నేళ్ళు, ఎవరికి షుగరు, ఎవరికి పళ్ళు లేవు, ఇంట్లో ఎవరు ఏం తాగుతారు. సుగుణమ్మ అన్న రామన్న విస్కీ మనిషి. ఆయన కోసం వేయించిన పల్లీలను ఒకరోజంతా విస్కీలో నానబెట్టి వడగట్టింది. షుగరు ఉన్న వెంకటన్నకు జిన్ను, నిమ్మ, నల్లుప్పు, ఒక్క పలుకు తీపి లేదు. టీచరు సరోజ మందు ముట్టదు కాబట్టి ఆమెకు నన్నారి వేరు కాచిన రసం, సోడా. అందరికంటే ఎక్కువ ఆలోచించింది బాలమ్మ గురించి.

బాలమ్మ సుగుణమ్మకు మేనత్త. ఎనభై దాటాయి. బిజినేపల్లి పక్క ఊరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కల్లు తప్ప ఇంకోటి ఎరుగదు. ఆ వంశంలో ఇప్పటికీ ఆమె ముట్టందే ఎవరూ ముట్టరు, ఆమె లేవందే ఎవరూ లేవరు. ఆమె కోసం రోజా తెల్ల రమ్ములో ఈత బెల్లం, చింతకాయ పులుపు, సోడా కలిపి, పులిసీ పులియని పొద్దుటి కల్లు రుచి వచ్చేదాకా పదిహేడు సార్లు మార్చింది. పదిహేడోసారి నోట్లో పోసుకుని ఊసేసి, తనలో తాను "ఇగ రా అవ్వా, చూస్త" అనుకుంది.

బుధవారం వచ్చారు. సుగుణమ్మ గడప దగ్గరే నిలబడి, వచ్చిన వాళ్ళకు వచ్చినట్టు ఒకే పాట. "చెప్పులు ఈడనే ఇడువుండ్రి. రాజస్థాన్ రాయి అది, తెల్లది. చుక్క పడితే మరక పోదంట. జర చూసుకోండ్రి." పాపం, మోజుపడి వేయించుకున్న నేల. వచ్చినవాళ్ళంతా పాదాలు దగ్గరకు ముడుచుకుని, గుడ్ల మీద నడుస్తున్నట్టు నడిచి, పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద బోటి వేపుడు, ఉడకబెట్టిన పల్లీలు, జొన్న రొట్టె ముక్కలు. శ్రవణ్ ఒక మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రోజా పళ్ళెంలో గ్లాసులు తెచ్చింది. ముందు బాలమ్మ దగ్గరకే వెళ్ళింది.

"ఇది నీకే అవ్వా. పులుపు చూసి చెప్పు."

బాలమ్మ కళ్ళు చిట్లించి చూసింది. గ్లాసును కాదు, రోజాను. "ఏ ఊరు బిడ్డా నీది?"

"గట్టు."

"గట్టుల ఎవలోళ్ళు?"

ఈ ప్రశ్న ఎక్కడికి పోతుందో తెలియని వాళ్ళు ఆ గదిలో లేరు. శ్రవణ్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆశీర్వాదం బిడ్డను," అంది రోజా, గొంతు తగ్గించకుండా. ఆ పేరు విన్నాక ఇంకేదీ అడగనక్కర్లేదు. బాలమ్మ కూడా అడగలేదు. "ఊఁ" అంది.

పది గ్లాసులూ పది మంది ముందు పెట్టి రోజా కౌంటరు దగ్గరకు వెళ్ళి నిలబడింది. బాలమ్మ గ్లాసు దగ్గరకు లాక్కుంది. ఎత్తలేదు. చేయి గ్లాసు మీద ఆనించి అటు చూసింది, ఇటు చూసింది, కిందికి చూసింది. మళ్ళీ అట్లాగే కూర్చుండిపోయింది. ఆమె ముట్టలేదు కాబట్టి రామన్న ముట్టలేదు. రామన్న ముట్టలేదు కాబట్టి మిగతా వాళ్ళూ ముట్టలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో పల్లీ ఒలిచారు. ఫ్యాను తిరుగుతోంది, గ్లాసుల్లో ఐసు కరుగుతోంది. ఐసు కరిగితే పదిహేడు సార్లు కుదిర్చిన రుచి నీళ్ళపాలే.

శ్రవణ్ సుగుణమ్మ వైపు చూసి కనుబొమలెగరేశాడు. నేను చెప్పలేదా అన్నట్టు. సుగుణమ్మ తల తిప్పుకుంది.

రోజాకు మంట అరికాలి నుంచి నెత్తికెక్కింది. చిన్నప్పుడు, నాయన వేలు పట్టుకుని టీ హోటలుకు పోయిన రోజు కళ్ళ ముందు నిలబడింది. నాయన గ్లాసు మిగతా గ్లాసుల్లో ఉండదు, చూరులో చెక్కి ఉంటుంది. ఆయనే తీసుకోవాలి, ఆయనే కడుక్కోవాలి, మళ్ళీ ఆయనే చూరులో పెట్టాలి. ఐదేళ్ళ రోజా "నాయినా, నీ గ్లాసు పైనెందుకుంది?" అని అడిగితే ఆశీర్వాదం నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ సహించదు. ఎనిమిదేళ్ళు నగరంలో ఎంతమంది పెద్దపెద్దవాళ్ళు ఈ చేతి గ్లాసు కోసం క్యూలో నిలబడ్డారు! సరే, సాయంత్రం బస్సు ఉండనే ఉంది. కానీ నవ్వి మాత్రం పోదు. అడిగే పోతుంది.

గబగబా బాలమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"అవ్వా, ఒక మాట అడుగుత. ఏమన్న అనుకుంటే అనుకో. నా చేతిదని తాగుత లేవా?"

రామన్న చేతిలో పల్లీ చేతిలోనే ఉండిపోయింది. సుగుణమ్మ "రోజా!" అని లేవబోయింది.

బాలమ్మ మాత్రం నోరు తెరిచి రోజాను ఎగాదిగా చూసింది. తర్వాత గ్లాసు మీద ఆనించిన చేయి పైకెత్తింది. ఉంగరం వేలు తడిగా ఉంది. కొనకు ఒక చుక్క వేలాడుతోంది.

"ఓసి నీ నోరు పాడుగాను! సాక యాడ పొయ్యాలనే నేను? గడప కాడనే చెప్పె కద మీ సుగుణమ్మ, చుక్క పడొద్దని, మరక పోదని! యాడ చూసినా తెల్లగ, అద్దమోలె ఉండె. మన్ను లేదు, గోడ పక్కకు సందు లేదు. యేలు ముంచుకొని ఎంతసేపటి నుంచి కూసున్న, యేలు తిమ్మిరెక్కింది. అమ్మకు పొయ్యకుంట, పోయినోళ్ళకు పొయ్యకుంట నేనెట్ల తాగుతనే?"

సాక! తాగే ముందు మొదటి చుక్క నేలకు. ఊరి అమ్మవారికి, చనిపోయిన పెద్దలకు. పాలమూరులో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. కానీ రోజా పుట్టకముందే ఆమె ఇంట్లో బాప్తిస్మం తీసుకున్నారు. విజయమ్మ ఆ రోజు నుంచి సాక అన్న మాటే ఇంట్లోకి రానివ్వలేదు. హైదరాబాద్ బార్‌లో ఎవరైనా వేలు ముంచి విదిలించారేమో, ఆమె ఏనాడూ గమనించలేదు. పది మందికీ షుగరు అడిగింది, పళ్ళు అడిగింది, ఇది అడగలేదు. నవ్వూ సిగ్గూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"తప్పయింది అవ్వా. నాదే తప్పు. జర ఆగు."

ఖాళీ పళ్ళెం పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికింది. ప్రహరీ కోసం తవ్విన గుంత దగ్గర ఎర్రమన్ను. రెండు చేతులా తోడి పళ్ళెం నిండా పోసుకుని వచ్చి బాలమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది. ఆ తెల్లరాయి మీద మట్టి కాళ్ళ గుర్తులు వరుసగా పడ్డాయి. సుగుణమ్మ ఆ గుర్తుల మీదుగానే నడిచి బల్ల దగ్గరకు వచ్చింది.

బాలమ్మ వేలు విదిలించింది. పెదవులు కదిలాయి. ఆ తర్వాత గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. నాలుక చప్పరించింది. ఇంకో గుక్క తాగింది.

"ఇది కల్లు కాదు," అంది. "కానీ కల్లుకు చెల్లెలు అయితది."

అంతే, గది విడిపోయింది. పళ్ళెం బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ వేలు ముంచడం, చుక్క వదలడం, గ్లాసు ఎత్తడం. సరోజ టీచరు నన్నారి రసంలోనే వేలు ముంచింది. అర్ధగంటలో బోటి గిన్నె ఖాళీ, రామన్న గొంతు రోడ్డు దాకా. "పిల్లా, గా పల్లీలది ఇంకోటి తే!" ఆయన తర్వాత వెంకటన్న. ఆయన తర్వాత మిగతావాళ్ళు. రోజా చేతులు ఆగలేదు. శ్రవణ్ మూలలో కూర్చుని వేళ్ళ మీద లెక్కబెడుతూనే ఉన్నాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. బాలమ్మ గ్లాసులో ఇంకా సగం అట్లాగే ఉంది.

"చిన్నమ్మా, తొమ్మిదే," అన్నాడు. మాట మాటే కదా మరి!

బాలమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. శ్రవణ్‌ను పట్టించుకోకుండా రోజాను దగ్గరకు పిలిచింది.

"కూసో. నువ్వు అడిగింది తప్పేం కాదు బిడ్డా. నాకు సాక లేక ఆగిన, నిజమే. కానీ నీకు గట్ల ఎందుకు తోచిందో నాకు తెల్వదా? మా అత్త ఉన్నప్పుడు మీ వాళ్ళు పనికొస్తే కల్లు పోస్తుంటిమి. గ్లాసు ఇయ్యకపోదుము. వాళ్ళు దోసిలి పడితే ఇంతెత్తు నుంచి పోస్తుంటిమి, ముంత తాకొద్దని." చేయి తల మీదికి ఎత్తి చూపింది. "అత్త పోసింది. నేను గూడ పోసిన. సగం కిందనే పోతుండె."

"మీ తాత పేరేంది?"

"సుంకన్న."

"తాగుతుండెనా?"

"తాగుతుండెనంట. నేను చూడలే."

"సాక పొయ్యి ఆయనకు."

రోజా తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్ల పొయ్యరవ్వా. మా అమ్మ ఒప్పదు. నేను పొయ్య."

"నువ్వు పొయ్యకు. నేను పోస్త."

బల్ల అంచు పట్టుకుని బాలమ్మ లేచింది. రామన్న పట్టుకోబోతే చేయి తోసేసింది. మెల్లగా, ఎనభై ఏళ్ళ మోకాళ్ళు పటపటమంటుండగా, పళ్ళెం ముందు కిందికి వంగింది. ఇంకా వంగింది. గ్లాసు అంచు ఎర్రమన్నుకు తాకేంత దగ్గరకు తెచ్చి, వేలితో కాదు, గ్లాసే వంచింది.

"గట్టు సుంకన్నకు," అంది పైకే.

ఉన్న సగమూ మన్నులోకి ఇంకిపోయింది. ఒక్క చుక్క పక్కకు పోలేదు.

రోజాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా చూడలేదు. బాలమ్మ తన నడుము తానే పట్టుకుని మెల్లగా లేచి కుర్చీలో కూలబడి, ఆయాసపడుతూ ఖాళీ గ్లాసు రోజా ముందుకు చాపింది.

"అది ఆయనకు. నాకేది? ఇంకోటి పొయ్యి బిడ్డా."

రోజా చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని గ్లాసు అందుకుంది. సుగుణమ్మ మూలకు తిరిగింది.

"శ్రవణ్, కూసున్నది చాలు గానీ లేచి పో. రోజాకు ఐసు అందియ్యి."